సగటు తీయని గీత

పెన్ను దిగలేదు. సున్నా దాటి నాలుగు నిమిషాలయింది, అయస్కాంతం దిక్కు మారింది, ఇప్పుడు ఈ పెన్ను ఇందాక వచ్చిన దారినే అద్దంలో బొమ్మలా తిరిగి నడవాలి, ముప్పై ఒక్క ఏళ్ళుగా నా ముందు గీతలు గీసిన ప్రతి యంత్రమూ అలాగే నడిచింది, ఇది మాత్రం నన్ను లెక్కచేయకుండా పైకి పోతోంది. నేను మొదట చేసిన పని యంత్రాన్ని అరచేత్తో చరచడం, పాత రేడియోని చరిచినట్టు. పెన్ను కాస్త వణికింది, ఒక సిరా చుక్క వదిలింది, మళ్ళీ తన మానాన తాను పైకే. మంగళవారం కంప్యూటరు పొగ వదిలి చచ్చిపోకపోతే ఈ యంత్రం బీరువా మీదే పడి ఉండేది, దాని మీద పక్క గది జోయా పాత పేపరు పరిచి పుదీనా ఆరబెట్టుకుంటూనే ఉండేది. కాని ఇవాళ గురువారం, హీలియం పీపా మార్చే రోజు, అయస్కాంతాన్ని చల్లబరచడానికి మా గదికి వారానికి దక్కేది ఒక్క పీపా, పాతదాంట్లో మిగిలింది ఈ మధ్యాహ్నం లోపే వాడుకోవాలి, కంప్యూటరు లేదని ఏడుస్తూ కూర్చుంటే హీలియం ఆగుతుందా, ఆవిరై పోతుంది. అందుకని పుదీనా దులిపి, యంత్రం దింపి, ఎండిపోయిన సిరా గొట్టాన్ని సూదితో పొడిచి పొడిచి బతికించి, ప్లస్ ఎనిమిది టెస్లాల నుంచి మైనస్ ఎనిమిది దాకా అయస్కాంతాన్ని నడిపించడం మొదలుపెట్టాను. యాభై నిమిషాల ప్రయాణం. సగం దాకా అంతా బుద్ధిగానే ఉంది. గీత కిందకి దిగి దాదాపు సున్నాకి ఆనుకుని పాకింది, చక్కగా, ఎంత చక్కగా అంటే టీ కలుపుకుందామని లేవబోయాను కూడా.

తీగలు తారుమారయ్యాయి అనుకున్నాను. మా వాళ్ళలో ఎవరిని అడిగినా ఇలాంటప్పుడు మొదట ఆ మాటే అంటారు. మేము నిరోధం కొలిచేది ఒక సన్నటి అర్ధవాహక పొరకి, అది ఇంకా బల్లపరుపుగా ఉండగానే దాని అంచుల్లో సన్నటి తీగలు అతికించాలి, ఆ తర్వాత కింద ఉన్నదాన్ని ఆమ్లంతో కరిగిస్తే పొర తనంతట తాను పైకి లేచి చుట్టుకుంటుంది, పెనం మీద వదిలేసిన అట్టు అంచు లేచినట్టు, చుట్టుకున్నాక కుడి అంచు ఏదో ఎడమ అంచు ఏదో, మూడో నంబరు ఎక్కడికి పోయిందో అయిదో నంబరు ఎక్కడికి వచ్చిందో దేవుడికే తెలియాలి. తలవెంట్రుక కన్నా సన్నటి చుట్ట అది. తికమక పడటం తేలిక. కాని నిన్న పగలంతా సూక్ష్మదర్శిని మీదకి వంగి అతికించింది నేను, పొద్దున రెండుసార్లు సరిచూసింది నేను, నా చేతులు తప్పు చేయవు, అని అనుకున్నానో లేదో ఆ మాట ఇంకో గొంతులో వినిపించింది, నాకన్నా చాలా చిన్న వయసు గొంతులో, "నా చేతులు తప్పు చేయలేదు రిమ్మా అర్కాద్యెవ్నా, నాలుగుసార్లు చూశాను" అని. కేషా. ఈ గీత నేను చూశాను. ఇదే వంపు, సున్నా దగ్గర ఇదే చిన్న మూపురం, అటువైపు చదును, ఇటువైపు ఇదే కొండ. పదకొండేళ్ళ క్రితం కేషా, అంటే నా విద్యార్థి ఇన్నొకెంటి చెరెమ్నిఖ్, నా బల్ల మీద పరిచిన కాగితం మీద, అతని టీ గ్లాసు మరక పక్కన.

లేదు, నెమ్మదిగా. ఆలోచించు ముసలిదానా, ఏడవడానికి చాలా టైముంది. ఎలక్ట్రాన్లకి ఆ పొరే లోకం, దాని మీద నుంచి లేవలేవు, అది వంగితే అవీ వంగాలి. బల్లపరుపు పొర మీద వాటి బతుకు హాయిగా ఉంటుంది, అయస్కాంతం నెత్తిన నిలువుగా దిగితే అన్నీ ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, అంచున ఉన్నవి మాత్రం గోడ వెంబడి గెంతుకుంటూ ముందుకు పోతాయి. దిక్కు మారిస్తే ఈ అంచువి ఆ అంచుకు పోతాయి, అంతే, పొర అంతటా అయస్కాంత క్షేత్రం ఒక్కటే కాబట్టి నిరోధం ఇటు కొలిచినా అటు కొలిచినా ఒక్కటే. మరి చుట్ట మీదో? చుట్ట నెత్తిన క్షేత్రం నిలువుగా దిగుతుంది, సరే, పక్కకి వచ్చేసరికి ఏటవాలవుతుంది, ఇంకా కిందకి వస్తే పొరలోకి దిగకుండా దాన్ని రాసుకుంటూ జారిపోతుంది. అంటే ఒకచోట బిగుతుగా తిరిగే ఎలక్ట్రాను నాలుగడుగులు వేసేసరికి వదులుగా తిరగాలి. వదులైన చోట చక్రం మూసుకోదు, పక్కకి జారుతుంది, అన్నీ ఒకే పక్కకి జారుతాయి, కరెంటంతా ఒక్క అంచుకే తోసుకుంటుంది. ఒక అంచున కొలిస్తే సున్నా, ఇంకో అంచున కొలిస్తే కొండ, దిక్కు తిప్పితే ఆ కొండ ఈ అంచుకు వస్తుంది. అద్దంలో బొమ్మ ఎందుకొస్తుంది? రాదు. రాకూడదు. ఇందులో ఏముందని, రెండో ఏడాది విద్యార్థి కూడా కాగితం ముక్క చుట్టి చూసి చెప్పగలడు, కేషా కాగితం ముక్క చుట్టి చూపించాడు కూడా, అవును, చూపించాడు, నేను ఆ కాగితంతో కళ్ళద్దాలు తుడుచుకున్నాను.

తలుపు తోసుకుని జోయా వచ్చింది. పక్క గదిలో ఇరవై ఏళ్ళుగా ఉంటోంది, ఏనాడూ తలుపు తట్టలేదు, కెటిల్ కోసం వస్తుంది, వచ్చినప్పుడు ఒక మాట విసిరి పోతుంది.

"ఏమే, దయ్యాన్ని చూసినట్టు అలా ఉన్నావేం? నా పుదీనా ఏం చేశావ్?"

"కిటికీలో పెట్టాను. జోయా, ఇది చూడు."

చూసింది. తల అటూ ఇటూ వంచి చూసింది. "అబ్బో, ఒంటి మూపురం ఒంటె! తీగలు మార్చి అతికించావు తల్లీ. వయసైపోయింది నీకు, ఒప్పుకో. ఏముంది, రెండు వైపులూ కలిపి సగటు తీసెయ్, చదునైపోతుంది, ఇంటికి పో."

"సగటు తీస్తే ఏం పోతుంది?"

"ఏం పోతుంది, చెత్త పోతుంది. నాకేనా పాఠం చెప్పేది?" కెటిల్ తీసుకుని వెళ్ళిపోయింది.

జోయా తప్పేమీ లేదు. మా వృత్తిలో అది పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు. ఎదురెదురుగా అతికించాల్సిన తీగలు వెంట్రుకవాసి అటూ ఇటూ అవుతాయి, అప్పుడు అడ్డంగా పుట్టే వోల్టేజీ కొంత కొలతలోకి దొంగతనంగా దూరుతుంది, అయస్కాంతం దిక్కు మారిస్తే అదీ గుర్తు మార్చుకుంటుంది, కాబట్టి రెండు దిక్కుల్లోనూ కొలిచి కలిపి రెండుతో భాగిస్తే ఆ దొంగది పోయి అసలుది మిగులుతుంది. మా గురువు నాకు నేర్పాడు, నేను పదకొండు మందికి నేర్పాను, నేర్పి ఊరుకున్నానా, కంప్యూటరులో ప్రోగ్రాం కూడా రాసిపెట్టాను, కొలత కొలతగా తెర మీదకి రానే రాదు, ఉతికి ఇస్త్రీ చేసుకునే వస్తుంది. ఎంత గర్వపడ్డానో దానికి. అంటే ఇన్నేళ్ళుగా నేను చుట్టిన ప్రతి చుట్టా ఈ కొండని చూపిస్తూనే ఉంది, నా ప్రోగ్రాం ప్రతిసారీ దాన్ని తుడిచేస్తూనే ఉంది. తొమ్మిది వ్యాసాలు. వాటిలో గీతలన్నీ అద్దంలో బొమ్మల్లా ముచ్చటగా ఉంటాయి. స్వెట్టరు మీద శాలువా కప్పుకున్నాను, బయట సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీలు కింద ఉంది కదా అందుకే అని నాకు నేనే చెప్పుకున్నాను. గదిలో రేడియేటరు పక్కనే కూర్చున్నాను.

ఇంకా ఒక దారి ఉంది, తీగల తప్పా కాదా తేల్చేది. మైనస్ అయిదు దగ్గర అయస్కాంతాన్ని ఆపాను. పెన్ను కొండ మీద నిలబడింది. మీట తిప్పి రెండో అంచున ఉన్న తీగలకి కలిపాను. తీగలు తప్పయితే అక్కడా ఏదో ఒక చెత్త రావాలి, మధ్యలో ఎక్కడో వేలాడాలి. పెన్ను చప్పుడు చేస్తూ పడిపోయింది, అడుగుకి, సున్నాకి. మీట ఇటు తిప్పాను, కొండ. అటు తిప్పాను, సున్నా. ఇటు. అటు. ఎన్నిసార్లు తిప్పానో, పిచ్చిదానిలా, కాగితం మీద నిలువు గీతలు ఒకదాని మీద ఒకటి పడి అక్కడ చిరిగేంత తడిసింది. ఈ మీట కూడా కొత్తదేం కాదు. అప్పుడూ ఉంది. అప్పుడు ఒక్కసారి తిప్పి ఉంటే సరిపోయేది, అర నిమిషం పని, తిప్పమని కేషా అడిగాడో లేదో గుర్తులేదు, అడిగే ఉంటాడు, హీలియం వృథా అని ఉంటాను.

ఆ రోజు సెమినారు గదిలో పద్నాలుగు మంది. అతనికి ఇరవై ఏడేళ్ళు, మోచేతుల దగ్గర అరిగిన స్వెట్టరు, మొట్టమొదట చుట్టలు చుట్టింది అతనే, ఈ అంతస్తులో ఇంకెవరికీ చేతకానప్పుడు, పొర చిరగకుండా ఆమ్లంలోంచి తీయడం ఒక్క కేషాకే వచ్చేది, ఊపిరి బిగబట్టి తీసేవాడు. గీత చూపించాడు. నేను ముందు వరసలో కూర్చుని అన్నాను, "తీగలు ఎక్కడ పడితే అక్కడ అతికించి ఆ నింద ఎలక్ట్రాన్ల మీద వేస్తావా?" అని. నవ్వారు. నేనే ముందు నవ్వాను. మళ్ళీ అతికించుకుని రా అన్నాను. అతికించుకుని వచ్చాడు, అదే గీత. మళ్ళీ. మళ్ళీ. నాలుగోసారి అన్నాను, "ఒకే తప్పు నాలుగుసార్లు చేయాలంటే కూడా ప్రతిభ కావాలి నాయనా." సగటు తీసి థీసిస్ రాసుకో, సంతకం పెడతాను అన్నాను. అక్కడికి నేనేదో దయ తలిచినట్టు. అప్పుడతను, ఎప్పుడూ గొంతెత్తనివాడు, "సగటు తీస్తే అది చచ్చిపోతుంది" అన్నాడు. ఏది చచ్చిపోతుందయ్యా అన్నాను. అతనికి దాని పేరు తెలీదు. ఎవరికీ తెలీదు. పేరు లేనిదాన్ని చంపితే నేరమేమిటి అనుకున్నానేమో. ఛీ.

ఆ వేసవిలో వాళ్ళమ్మ వచ్చింది. బెర్ద్స్క్ నుంచి లోకల్ రైల్లో, తలకి రుమాలు కట్టుకుని, ఒక సీసాలో ఉప్పులో ఊరేసిన పుట్టగొడుగులు తెచ్చింది. కుర్చీ అంచున కూర్చుంది. "మా వాడు తిండి తినట్లేదమ్మా. చేతుల కేసి చూసుకుంటూ కూర్చుంటాడు. నా చేతులు మంచివి కావమ్మా అంటాడు. మీరు పెద్ద చదువులు చదివారు, మీరు చెప్పండి, వాడి చేతులు నిజంగా మంచివి కావా?" అని అడిగింది. ఆవిడకి నేనేం చెప్పానో నాకు ప్రతి అక్షరం గుర్తుంది, గుర్తు లేకపోతే బాగుండేది. "అందరి చేతులూ అన్ని పనులకీ పనికిరావు, ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు" అన్నాను. ఎంత నెమ్మదిగా, ఎంత పెద్దమనిషి తరహాగా చెప్పానంటే ఆవిడ లేచి నాకు దండం పెట్టినంత పని చేసింది. ఆ పుట్టగొడుగులు బాగున్నాయి. ఉల్లిపాయా నూనే వేసుకుని వారం రోజులు తిన్నాను. సెప్టెంబరులో కేషా కింద హీలియం షెడ్డుకి బదిలీ అడిగాడు, నేను సంతకం పెట్టాను, చేతులు దులుపుకున్నాను. అప్పటినుంచి ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి అతనే పీపా తోసుకుంటూ వచ్చి ఖాళీది తీసుకుపోతాడు. నమస్తే అంటాడు. నేనూ అంటాను. బాగున్నారా అంటాడు. పదకొండేళ్ళలో మేము మాట్లాడుకున్న మాటలన్నీ కలిపితే ఒక పేజీ నిండదు.

పన్నెండుకి తొమ్మిది నిమిషాలు. అయస్కాంతాన్ని మళ్ళీ నడిపించాను, మైనస్ ఆరు, మైనస్ ఆరున్నర, కొండ మీద చిన్న చిన్న మెట్లు కూడా వస్తున్నాయి, ఎంత అందంగా ఉందో చెప్పలేను, అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, ఇప్పుడా అందం. నా చేయి కాగితం మీదకి వెళ్ళింది. చించేయవచ్చు. జోయా చూసింది గాని తీగల తప్పనే అనుకుంది, సాయంత్రానికి మరిచిపోతుంది. వచ్చే వారం కంప్యూటరు బాగవుతుంది, ప్రోగ్రాం మళ్ళీ అన్నీ ఇస్త్రీ చేస్తుంది, రెండేళ్ళలో నేను రిటైరవుతాను, పూలగుత్తి ఇస్తారు, కేషా హీలియం తెస్తూనే ఉంటాడు, అతనికి పెళ్ళయిందట, ఒక కూతురుందట, బాగానే ఉన్నాడు కదా, బాగున్నవాణ్ణి కదిలించడం ఎందుకు, నా మనసు బరువు దించుకోవడానికి అతని నెత్తిన వేయడం కాదా అది? ఎంత బాగా అమరిపోతున్నాయో మాటలు. వాళ్ళమ్మతో కూడా ఇంత బాగానే మాట్లాడాను. కాగితం కొస వేళ్ళ మధ్య నలిగింది. చించలేదు. గొప్పదనమేం లేదు, భయం వేసింది, అంతే. చించినా ఆ చుట్ట మళ్ళీ ఇదే చెబుతుంది. నేను పోయాక ఇంకెవరి యంత్రం మీదో చెబుతుంది.

నడవాలో బండి చక్రాల చప్పుడు. ఎప్పుడూ వినే చప్పుడే. ఏమని మొదలుపెట్టాలి? నువ్వు చెప్పింది నిజం. కాదు, అది చాలదు. నీ చేతులు. అవును, ముందు చేతుల సంగతి చెప్పాలి. తలుపు తెరుచుకుంది, చలిగాలి, కనుబొమల మీద మంచు, ముప్పై ఎనిమిదేళ్ళ బొద్దు మనిషి, తోలు చేతి తొడుగులు. పీపాని గోడవార నిలబెట్టి దాని వాల్వు బిగించి చూశాడు. రెండోసారి చూశాడు. మూడోసారి కూడా చూశాడు. షెడ్డులో అందరూ దీనికే అతన్ని ఏడిపిస్తారట, ఎప్పుడో జోయా చెప్పి నవ్వింది, నేనూ నవ్వాను, మూడుసార్లు ఎందుకని ఆలోచించలేదు.

"నమస్తే రిమ్మా అర్కాద్యెవ్నా. బాగున్నారా?"

"కేషా, ఇలా రా. ఇది చూడు."

చేతి తొడుగులు తీసి చంకలో పెట్టుకుని వచ్చాడు. చూశాడు. అతని ముఖంలో ఏదైనా వెలుగుతుందని చూస్తూ కూర్చున్నాను, కోపమైనా సరే. గీత వెంబడి గాల్లోనే వేలు నడిపించి, సున్నా దగ్గర మూపురం మీద ఒక్క క్షణం ఆపి, తీసేశాడు.

"ఇది నీ గీత" అన్నాను. "తీగలు సరిగ్గానే ఉన్నాయి. రెండు అంచులూ తిప్పి చూశాను. అప్పుడు కూడా సరిగ్గానే ఉన్నాయి, నీవి. తప్పు నీది కాదు, నాది. నీ చేతులు తప్పు చేయలేదు కేషా."

అతను నవ్వాడు. వెటకారంగా కాదు, పాపం ఈ ముసలావిడ ఏదో తికమక పడుతోందే అన్నట్టు, మెత్తగా.

"అదేం లేదండీ. మీది సరిగ్గా ఉంటే ఉండి ఉంటుంది. నేను మాత్రం అప్పుడు తప్పే చేశాను."

"చేయలేదని చెబుతున్నాను కదా. ఇదిగో, ఎదురుగా ఉంది."

"నాకు గుర్తుంది కదండీ" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. "మొదట్లో మీ మీద కోపం వచ్చిన మాట నిజమే. ఆ వేసవంతా కూర్చుని ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. మెల్లగా అన్నీ గుర్తొచ్చాయి. ఎర్ర తీగ మూడో నంబరుకి అతకాలి, అయిదుకి అతికించాను. ఎర్రది. నాలుగుసార్లూ అదే పొరపాటు. ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, టంకం కరుగుతుంటే ఆ ఎర్ర పూత కాలిన వాసన కూడా. మీరు సరిగ్గానే చెప్పారు. నేనే మిమ్మల్ని ఊరికే విసిగించాను. క్షమించమని అడుగుదామనుకుంటూనే ఉన్నాను ఇన్నాళ్ళూ, మొహమాటం."

ఈ గంటలో చూసిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నేను అతని దగ్గర తీసుకున్నది ఒక గీత అనుకున్నాను, ఒక థీసిస్ అనుకున్నాను, వాటిని తిరిగి ఇచ్చేయవచ్చని కూడా అనుకున్నాను. చేయని తప్పుని ఇతను కూర్చుని, వాసనతో సహా, తన చేతులతో తానే కట్టుకున్నాడు, నా మాట నిలబెట్టడం కోసం. అతను ఖాళీ పీపా వైపు నడుస్తున్నాడు. ఆ ఏడాది, నేను వెతుక్కున్నాను, ఆ ఏడాది ఏమున్నాయి ఈ గదిలో, ఏదీ సరిగ్గా లేదు, టంకం చాలదు, సిరా చాలదు, మా అంతస్తు మొత్తానికి ఒకే ఒక్క తీగ చుట్ట, జోయా పాత ట్రాన్స్‌ఫార్మరు విప్పి తీసింది, నేను బీరువాలో పెట్టి తాళం వేసి జానలు కొలిచి ఒక్కొక్కరికి కత్తిరించి ఇచ్చేదాన్ని.

"కేషా."

ఆగాడు.

"ఆ ఏడాది మన దగ్గర ఎర్ర తీగ లేదు. ఒకే చుట్ట ఉండేది, ఆకుపచ్చ పూతది. అందరికీ నేనే కత్తిరించి ఇచ్చాను. ఈ అంతస్తులో ఎర్ర తీగ అన్నదే లేదు."

పీపా మీద చేయి వేసి నిలబడిపోయాడు. పెన్ను మైనస్ ఎనిమిది చేరి ఆగిపోయింది. అతను తన కుడిచేతి వేళ్ళకేసి చూసుకున్నాడు, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, వాటి మధ్య ఏదో సన్నటిదాన్ని పట్టుకున్నట్టు. అతని ముఖంలో రంగంతా దిగిపోవడం చూశాను.

"ఎర్రది లేదా?" అన్నాడు.